ద్వంద్వమా, తత్పురుషమా? – విలీన సంస్థలలో అధికారము

గత వేసవి సెలవులలో మా కళాశాల పూర్వ విద్యార్థి యొకడు మమ్ము చూచుటకు వచ్చినాడు. వాణిజ్యశాస్త్రములో పట్టము పుచ్చుకొని, నగరములోని ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగమున ఏడెనిమిది సంవత్సరములుగా పనిచేయుచున్నవాడు. కుశల ప్రశ్నలు ముగిసిన పిమ్మట అతడు మెల్లగా తన మనసులోని మాట బయట పెట్టినాడు.

"సార్, మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీతో కలిపారు. ఇది కొనుగోలు కాదు, కలయిక అని మీటింగు పెట్టి మరీ చెప్పారు. మా మేనేజరుగారు అదే గదిలో, అదే కుర్చీలో కూర్చున్నారు. తలుపు మీద ఆయన పేరు పలక ఇంతకుముందు కన్నా పెద్దదయింది. కాని లక్ష రూపాయల బిల్లు మీద కళ్ళు మూసుకొని సంతకం పెట్టిన మనిషి ఇప్పుడు రెండు వేల బిల్లు కూడా పూణే పంపించి జవాబు కోసం కూర్చుంటున్నారు. అసలు మా పై అధికారి ఎవరు సార్?"

మేము తెలుగు బోధించువారము. కంపెనీ చట్టముగాని, వాటాల లెక్కగాని మాకు వృత్తివిద్య కాదు. ఆ దినమున అతనికి టీ ఇప్పించి, సరియైన సమాధానము చెప్పలేక పంపివేసినాము. కాని ఆ ప్రశ్న మమ్ము విడిచిపెట్టలేదు. వాణిజ్య విభాగమునందలి మిత్రులను అడిగియు, దొరికినవి చదివియు మేము తెలిసికొన్న సంగతులను ఇచట పొందుపరచుచున్నాము. మన విద్యార్థులలో అనేకులు రేపు బ్యాంకులలోను, కంపెనీలలోను చేరబోవువారే. చేరిన సంస్థ పదవీ విరమణ దినము వరకు అదే పేరుతో నిలిచియుండునన్న నమ్మకము మా తండ్రుల తరమునకు చెల్లినది. ఈ తరమునకు చెల్లదు.

మన కళాశాలలో రెండు భాషలు వినబడును. ఈ విషయమునకు కావలసిన రెండు మాటలు ఉర్దూ నుండియే మనకు దొరకుచున్నవి. ఒకటి 'ఉహ్దా'. అది తెలుగులోనికి వచ్చి 'హోదా' అయి, తెలుగు మాటవలెనే స్థిరపడినది. రెండవది 'ఇఖ్తియార్'. పని చేయుటకు, చేయించుటకు, ఆపుటకు గల స్వేచ్ఛ అని దాని భావము. ఈ రెండవ మాట తెలుగులో అంతగా నిలువలేదు. హోదా సులభముగా చేతులు మారినది, ఇఖ్తియారు మారలేదు. కార్యాలయములలో జరుగుచున్నదియు సరిగా ఇదియే. మా విద్యార్థి యొక్క మేనేజరుగారికి హోదా మిగిలినది. ఇఖ్తియారు పూణేకు వెళ్ళినది.

సమాసములు చదివినవారికి ఈ విషయము మరియొక విధముగా తోచును. రెండు పదములు కలిసి ఒక పదమైనప్పుడు అర్థబలము ఏ పదమునందున్నదని మొదట చూడవలెనని వ్యాకరణము నేర్పుచున్నది. 'తల్లిదండ్రులు' అన్నప్పుడు రెండు పదములకును సమాన ప్రాధాన్యము. అది ద్వంద్వము. 'రాజభటుడు వచ్చినాడు' అన్నప్పుడు వచ్చినది భటుడే కాని రాజు కాదు. రాజు ముందు నిలిచి పేరు మాత్రము ఇచ్చినాడు. అది తత్పురుషము, ఉత్తరపదార్థ ప్రధానము. మొదటి పదమే ప్రధానమైన సమాసము కలదు. రెండును కాక మూడవ అర్థము ప్రధానమైన బహువ్రీహియు కలదు. సంస్థల పెద్దలు విలీనము ప్రకటించునప్పుడు ఎల్లప్పుడును ద్వంద్వమనియే చెప్పుదురు. విగ్రహవాక్యము చెప్పి చూచినప్పుడుగాని నిజము బయటపడదు.

ఇందులకు డైమ్లర్-క్రైస్లర్ వృత్తాంతమును మించిన ఉదాహరణము మాకు కనబడలేదు. 1998వ సంవత్సరము మే 7వ తేదీన లండన్ నగరములో రెండు మోటారు సంస్థల అధినేతలు పక్కపక్కన నిలిచి ఒక ప్రకటన చేసినారు. ఒకటి జర్మనీలోని స్టుట్‌గార్ట్ కేంద్రముగాగల డైమ్లర్-బెంజ్. దాని అధినేత యూర్గెన్ ష్రెంప్. రెండవది అమెరికాలో డెట్రాయిట్ చెంతనున్న ఆబర్న్ హిల్స్ కేంద్రముగాగల క్రైస్లర్; దాని అధినేత రాబర్ట్ ఈటన్. సుమారు 3,600 కోట్ల డాలర్ల వ్యవహారము. ఇది 'సమానుల కలయిక' అనియు, ఇరువురును సహాధ్యక్షులుగా ఉందురనియు, స్టుట్‌గార్ట్, ఆబర్న్ హిల్స్ రెండును కేంద్రములేయనియు చెప్పినారు. క్రైస్లర్ నాడు చితికిన సంస్థ కాదు. 1997లో 280 కోట్ల డాలర్ల లాభము గడించినది. కావున ఆ మాటను నమ్మినవారు అమాయకులని మేము అనజాలము.

ఇక విగ్రహవాక్యము చూతము. కొత్త సంస్థ జర్మను చట్టము క్రింద జర్మను కంపెనీగా నమోదైనది. వాటాలలో సుమారు నూటికి 57 పాళ్ళు డైమ్లర్ వాటాదారులకు, 43 పాళ్ళు క్రైస్లర్ వాటాదారులకు చెందినవి. కార్యనిర్వాహక మండలిలో 18 మంది. చెరి ఎనిమిదిమంది అని మొదట లెక్క. ఆపైన డైమ్లర్ వారికి మోటారు వ్యాపారము కాక ఇతర వ్యాపారములు ఉన్నవి కావున వాటి తరఫున ఇద్దరు అదనము. వినుటకు ఎంత న్యాయముగా ఉన్నదో చూడుడు! పది, ఎనిమిది అయినది. సమానత్వము ఈ విధముగానే పోవును. ఎవరును దానిని తీసివేయరు, ప్రక్కన మరి ఇద్దరిని చేర్తురు.

అయితే మా అభిప్రాయములో ఆ పది, ఎనిమిది కూడ అసలు సంగతి కాదు. జర్మను చట్టము ప్రకారము పెద్ద కంపెనీకి రెండు మండలులుండును. కార్యనిర్వాహక మండలి దైనందిన వ్యవహారము నడుపును. దానిపైన పర్యవేక్షక మండలి యుండును. కార్యనిర్వాహకులను నియమించునదియు, తొలగించునదియు ఆ పై మండలియే. 1976 నాటి చట్టమును బట్టి పెద్ద కంపెనీల పర్యవేక్షక మండలిలో సగముమంది ఉద్యోగుల ప్రతినిధులు. డైమ్లర్-క్రైస్లర్‌లో అట్టి మండలి సభ్యులు ఇరువదిమంది. వాటాదారుల పక్షమున నున్న పదిమందిలో చెరి ఐదుగురు. ఉద్యోగుల పక్షమున నున్న పదిమంది దాదాపు అందరును జర్మనీ కార్మికుల ప్రతినిధులే. అధ్యక్షుడు డాయిష్ బ్యాంకునకు చెందిన హిల్మర్ కాపర్. ఆ బ్యాంకే డైమ్లర్‌లో అతిపెద్ద వాటాదారు. ఇట్లుండగా ఆబర్న్ హిల్స్‌లోని కార్యనిర్వాహకుని ఉద్యోగము స్టుట్‌గార్ట్‌లో నిర్ణయమగునని తెలియుటకు జోస్యము చెప్పనక్కరలేదు. సహాధ్యక్షులని ఇద్దరికి ఒకే హోదా ఇచ్చినను, ఆ హోదాను తీసివేయగల చేయి ఒకవైపుననే యున్నది.

ఈటన్ స్వయముగా చేసికొన్న పొరపాటు మరియొకటి కలదు. మూడు సంవత్సరములలోపల తాను తప్పుకొందునని ఆయన విలీన సమయముననే ప్రకటించినారు. మర్యాదకు చెప్పిన మాట కావచ్చును. కాని బయలుదేరు తేదీ చెప్పిన ప్రయాణికుని మాట సత్రములో ఎవరు విందురు? ఆ దినము నుండి క్రైస్లర్ అధికారులందరును ఆయన తరువాత వచ్చువారెవరని చూచినారే కాని, ఆయన ఏమి చెప్పునని చూడలేదు. ఇచట ఒక విచిత్రము. నాటి అమెరికా పద్ధతిని బట్టి ఈటన్ జీతభత్యములు ష్రెంప్ జీతభత్యములకంటె అనేక రెట్లు అధికము. ఎక్కువ జీతము తీసికొనువాడు తక్కువ అధికారము గలవాడైనాడు. జీతపు పట్టికను చూచి అధికారమును అంచనా వేయుట తగదని విద్యార్థులు గుర్తింతురు గాక.

తరువాతి కథ వేగముగా నడచినది. 1999 సెప్టెంబరులో కార్యనిర్వాహక మండలిని కుదించినారు. క్రైస్లర్ పక్షమున రెండవ స్థానమునందుండి, ఇరు సంస్థలను అతుకు పనిలో ముందు నిలిచిన థామస్ స్టాల్‌కాంప్ నిష్క్రమించినారు. 2000 మార్చి నెలాఖరున ఈటన్ పదవి విడిచినారు. మూడు సంవత్సరములు కాదు, ఏడాదిన్నరకూడ నిండలేదు. స్టాల్‌కాంప్ స్థానమున వచ్చిన జేమ్స్ హోల్డెన్ 2000 నవంబరులో తొలగింపబడినారు. ఆయన కుర్చీలో స్టుట్‌గార్ట్ నుండి వచ్చిన డీటర్ జెట్షే కూర్చున్నారు. 2001 జనవరిలో జెట్షే 26,000 ఉద్యోగముల తగ్గింపు ప్రకటించినారు. ఈ వ్యాసములో ఒకరిద్దరు పెద్దల పేర్లు వచ్చుచున్నవి. ఆ 26,000 మందిలో ఒకరి పేరైనను మనకు తెలియదు. పై అంతస్తులో ఎవరి మాట చెల్లునన్న ప్రశ్న క్రింది అంతస్తువారికి పనిలేని ముచ్చట కాదని చెప్పుటకే ఈ సంఖ్యను ఇచట పేర్కొనినాము.

2000 అక్టోబరులో ష్రెంప్ ఒక లండన్ దినపత్రికతో మాటలాడుచు, క్రైస్లర్ ఒక విభాగముగా ఉండుటయే తాను మొదటినుండి కోరినదనియు, ఆ సంగతి ముందే చెప్పియున్నచో ఒప్పందము కుదిరెడిది కాదనియు భావము వచ్చునట్లు చెప్పివేసినారు. గెలిచినవాడు నిజము చెప్పుటకు తొందరపడును గాబోలు. దాని ఫలితము న్యాయస్థానములలో కనబడినది. క్రైస్లర్‌లో అతిపెద్ద వాటాదారుగా నుండిన కిర్క్ కెర్కోరియన్ దావా వేసినారు. ఆయన వాదము మనవంటి భాషాధ్యాపకులకు ఆసక్తి కలిగించునది: 'కలయిక' అన్న మాట చెప్పి 'కొనుగోలు' చేసినారు, కొనుగోలు అని చెప్పియున్నచో వాటాలకు మరింత ధర చెల్లించవలసి వచ్చెడిది అనునదే. 2005లో న్యాయమూర్తి ఆయన వాదమును త్రోసిపుచ్చినారు. కాని అంతకుముందే 2003లో ఇతర వాటాదారులు వేసిన దావాను సంస్థ 30 కోట్ల డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొని పరిష్కరించుకొన్నది. ఒక సమాసమునకు తప్పు విగ్రహము చెప్పినందులకు ఇంత జరిమానా మరెచటను మేము వినలేదు.

గెలిచినవారి అధికారమైనను శాశ్వతము కాలేదు. 2005 చివర ష్రెంప్ పదవి విడిచినారు. 2007లో క్రైస్లర్‌లో 80.1 శాతము వాటాను సెర్బెరస్ అను పెట్టుబడి సంస్థకు అప్పగించి, జర్మను సంస్థ తన పేరును డైమ్లర్ అని మార్చుకొన్నది. ఉత్తరపదము లోపించినది.

చట్టమును, మండలిలోని తలల లెక్కను చూచిన చాలునా? చాలదని చెప్పుటకు మరియొక విలీనమును చెప్పవలసియున్నది. అదే 1998లో ఏప్రిల్ 6వ తేదీన సిటీకార్ప్ బ్యాంకునకును, ట్రావెలర్స్ గ్రూపునకును కలయిక ప్రకటింపబడినది. అక్టోబరులో అది పూర్తియై సిటీగ్రూప్ ఏర్పడినది. ఇక్కడ కాగితము మీద సమానత్వము నిజముగా ఉన్నది. వాటాలు ఇంచుమించు సగము సగము. డైరెక్టర్లు సగము సగము. సిటీకార్ప్ అధినేత జాన్ రీడ్, ట్రావెలర్స్ అధినేత శాండీ వైల్ ఇరువురును సహాధ్యక్షులు, సహ ప్రధాన కార్యనిర్వహణాధికారులు. పేరు సిటీవారిది, ఎఱ్ఱ గొడుగు గుర్తు ట్రావెలర్స్ వారిది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతను వారికి ఎవరును చెప్పలేదు కాబోలు.

1999 జూలైలో ఇరువురును పనులు పంచుకొన్నారు. సాంకేతిక విషయములు, సిబ్బంది, న్యాయ వ్యవహారములు మొదలైనవి రీడ్‌కు. డబ్బు సంపాదించు వ్యాపార విభాగములు వైల్‌కు. ఈ పంపకమును చదివినప్పుడే మాకు ఫలితము తోచినది. ఉమ్మడి కుటుంబములో ఒక అన్న ఇంటి మరమ్మతులు, పెండ్లి పిలుపులు చూచుచు, మరియొక అన్న పొలము, ధాన్యము అమ్మకము చూచుచున్నచో, పదిమందియు ఎవరి ఎదుట చేతులు కట్టుకొని నిలుతురు? విభాగాధిపతులందరును ప్రతి దినము లాభనష్టములు విన్నవించినది వైల్‌కు. వారి బోనస్సు, వారి పైస్థాయి, వారి భయము అన్నియు అటువైపే తిరిగినవి. 2000 ఫిబ్రవరి చివర డైరెక్టర్ల సమావేశము జరిగినది; రీడ్ విరమింతురని ప్రకటన వెలువడినది. ఏప్రిల్‌లో ఆయన వెడలినారు. విద్యావంతుడు, ముందుచూపు గలవాడని పేరుపొందిన రీడ్ ఓడిపోవుటకు తెలివి తక్కువయగుట కారణము కాదు. సంస్థ భవిష్యత్తును గూర్చి ఆలోచించు పనిని గౌరవప్రదమని స్వీకరించి, రోజువారీ లెక్కను ఎదుటివారికి విడిచినారు.

వైల్ పక్షమువారందరును సుఖపడినారని అనుకొనరాదు. ఆయనకు దాదాపు పదునైదు సంవత్సరములు కుడిభుజముగా నుండిన జేమీ డైమన్ విలీనము పూర్తియైన నెలనాళ్ళకే, 1998 నవంబరులో, బయటకు పంపబడినారు. గెలిచిన పక్షములో రెండవ స్థానముననుండుట కొన్ని సమయములలో ఓడిన పక్షములో మొదటి స్థానముకంటె ప్రమాదకరము. డైమన్ తరువాత జె.పి. మోర్గన్ చేజ్ బ్యాంకునకు అధినేత అయినారు. అది వేరు కథ.

తత్పురుషమునకు ఉదాహరణముగా బోయింగ్ సంస్థను చెప్పవచ్చును. 1997 ఆగస్టులో విమాన నిర్మాణ సంస్థయైన బోయింగ్ తన ప్రత్యర్థి మెక్‌డొనెల్ డగ్లస్‌ను కలుపుకొన్నది. ఇచట ఎవరు కొన్నవారో సందేహము లేదు. పేరు బోయింగ్‌దే మిగిలినది, అధ్యక్షుడు బోయింగ్‌కు చెందిన ఫిల్ కాండిట్. కాని మెక్‌డొనెల్ డగ్లస్ అధినేత హ్యారీ స్టోన్‌సైఫర్ కొత్త సంస్థలో రెండవ స్థానమునకు వచ్చినారు. వాటాలుగా మారిన విలీనము గనుక ఆయనయు, జాన్ మెక్‌డొనెల్‌యు బోయింగ్‌లో పెద్ద వ్యక్తిగత వాటాదారులైనారు. ఖర్చు తగ్గించుట, వాటాదారులకు ప్రతిఫలము పెంచుట అను వారి పరిభాషయే క్రమముగా సంస్థ పరిభాష అయినది. ఇంజనీర్లు 2000లో నలుబది దినములు సమ్మె చేసినారు. 2001లో ముఖ్య కార్యాలయము సియాటిల్ నుండి షికాగోకు తరలినది. 2003 చివర కాండిట్ రాజీనామా చేయగా, విశ్రాంతిలోనున్న స్టోన్‌సైఫర్ తిరిగి వచ్చి ప్రధాన అధికారి అయినారు. బోయింగ్ డబ్బుతోనే మెక్‌డొనెల్ డగ్లస్ బోయింగ్‌ను కొన్నదని అచటి ఉద్యోగులు హాస్యమాడుకొనిరట. హాస్యమే, కాని వ్యాకరణబద్ధమైన హాస్యము.

ఇక మన వైపు చూతము. హైదరాబాదు సంస్థానమున 1941లో స్థాపితమైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయినది. 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. ఆంధ్రా బ్యాంకు వాటాలు వేయి ఉన్నవారికి యూనియన్ బ్యాంకు వాటాలు 325 వచ్చినవి. ఈ రెండు పేర్లును చెరిగినప్పుడు మా ఇండ్లలోని పెద్దలు పాత పాసు పుస్తకములు తీసి చూచుకొన్న మాట నిజము.

వీనిని గూర్చి 'సమానుల కలయిక' అని ఎవరును అనలేదు. అందులకు మేము సంతోషించుచున్నాము. 'విలీనము' అను మాటలోనే కరగుట అను అర్థమున్నది. ఉప్పు నీటిలో విలీనమగును కాని, నీరు ఉప్పులో కాదు. ఇంగ్లీషు మాట 'మెర్జర్'నకు మూలమైన లాటిన్ ధాతువునకును మునుగుట, ముంచుట అనియే అర్థమట. మాటలు నిజమే చెప్పుచున్నవి. మనమే వినుట లేదు. అయితే ఈ బ్యాంకుల విషయములో అధికారము ఏ పదమునందున్నది? కలుపుకొన్న బ్యాంకునందు అని తొందరపడి చెప్పరాదు. ప్రభుత్వ రంగ బ్యాంకులలో పై పదవుల నియామకము ఇరువైపులను కేంద్ర ప్రభుత్వము చేతిలోనిదే. ఏ బ్యాంకు దేనితో కలియవలెనను నిర్ణయమును అచటనే వెలువడినది. చక్రపాణి అన్నప్పుడు చక్రమును కాదు, చేయియు కాదు, ఆ రెండింటిని ధరించినవాడు స్ఫురించును. ఇది బహువ్రీహి. మన ఉద్యోగులకు మారినది అధినేతను నియమించు చేయి కాదు, ఆ చేయి మొదటినుండియు ఢిల్లీలోనే యున్నది. మారినది దూరము. గన్‌ఫౌండ్రీలోను, సైఫాబాదులోను తెమలిన కాగితము ముంబయి వరకు పోవలసి వచ్చినది.

సంస్థల నిర్వహణను గూర్చి వ్రాసినవారిలో చెస్టర్ బర్నార్డ్ అను అమెరికా దేశస్థుడు 1938లో ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధమైనది. ఆయన స్వయముగా ఒక టెలిఫోను కంపెనీని నడిపినవాడు. ఆజ్ఞకు బలము ఇచ్చువానినుండి రాదు, పుచ్చుకొనువాడు దానిని అంగీకరించుటవలన వచ్చును అని ఆయన సిద్ధాంతము. మొదట చదివినప్పుడు ఇది ఆదర్శవాదుల మాటగా మాకు తోచినది. విలీనముల కథలు చదివిన తరువాత ఇది కార్యాలయపు గుమాస్తాకు తెలిసిన పచ్చి నిజమని తోచుచున్నది. ఈటన్ వెడలిపోవునని తెలిసిన మరునాటి నుండి ఆయన ఆజ్ఞలో బలము తగ్గినది. కాగితముమీద ఒక అక్షరమైనను మారలేదు. కొనబడిన సంస్థల అధికారులు త్వరలోనే వెడలిపోవుటను గూర్చి 1980ల చివరను, 1990లలోను పరిశోధనలు జరిగినవి. హాంబ్రిక్, కానెల్లా అను పండితులు 1993లో చూపిన కారణము మాకు నచ్చినది. జీతము తగ్గినందువలన కంటె, తమ సాపేక్ష స్థానము, అనగా ఎదుటివారితో పోల్చుకొన్నప్పటి తమ మర్యాద, తగ్గినందువలన వారు వెడలుచున్నారట. ఉన్న ఊరిలో పెద్దమనిషిగా బ్రతికినవాడు పొరుగూరి పంచాయతీలో వెనుక వరుసలో కూర్చుండలేడు. ఈ బాధను తక్కువగా చూడరాదు. విలీనములలో నష్టపోయిన నైపుణ్యములో చాలభాగము ఈ విధముగా లేచిపోయినదే.

కావున మా విద్యార్థి ప్రశ్నకు మేము చేరిన సమాధానము ఇది. పేరు పలకను, జీతమును, ముద్రించిన అధికార పట్టికను చూడవద్దు. నీ మేనేజరును నియమించువారెవరు, వారిని నియమించువారెవరు అని పైకి పోవుచు చూడుము; ఎచట దారి ఒకే ఊరి వైపు తిరుగునో అచట మొదటి గుర్తు. ఖర్చు కాగితము ఎవరి బల్లమీద ఆగునో చూడుము. ఇరు సంస్థల లెక్కల పద్ధతులలో ఏది నిలిచినదో చూడుము. ఎవరి లెక్క నిలిచినదో వారి కన్నుతోనే అందరి పనియు కొలువబడును. ఒకే పదవికి ఇద్దరున్నచోట మొదట ఎవరు 'సలహాదారు' అయినారో చూడుము. ఈ చివరి గుర్తు తప్పుట మేము చదివినంతలో అరుదు.

జూలై నెలలో అతడు మరల వచ్చినప్పుడు మేము ఇవి చెప్పినాము. అతడు నవ్వి, "సలహాదారు అయిపోయారు సార్, పోయిన వారమే" అన్నాడు. మేనేజరుగారి గది అదే, పలక మారినది. అంతకంటె ఆశ్చర్యమైన సంగతి మరియొకటి చెప్పినాడు. పూణేలో కూర్చుండి వారి బిల్లులను ఆపుచున్నది ఎవరో పెద్ద అధికారి యని వారనుకొన్నారట. విచారింపగా, విలీనమైన మొదటి మాసముననే అడిగి బదిలీ చేయించుకొన్న వారి పాత కార్యాలయపు జూనియరు అకౌంటెంటే ఆ బల్లవద్ద నున్నాడట. కొత్త సంస్థ లెక్కల పద్ధతిని వారందరిలో మొదట నేర్చుకొన్నవాడు అతడే.

ఆపైన తన సంగతి చెప్పినాడు. అతనిని కూడ పూణేకు రమ్మన్నారు. వెళ్ళినచో తనకు పని నేర్పిన మేనేజరుగారిని విడిచినట్లగునని సంకోచము. తల్లి ఒంటరిది, ఇల్లు పాతబస్తీలో. వెళ్ళుమని గాని, వెళ్ళవద్దని గాని మేము చెప్పలేదు. ఈ సంవత్సరము నీ పనిని బేరీజు వేసి సంతకము పెట్టువారెవరో ముందు కనుగొనుమని మాత్రము చెప్పినాము.

అతడు వెళ్ళి అడిగిన మనిషి ఆ పాత మేనేజరుగారే. ఆయన దాచలేదట. "నేను కాదు బాబూ, నా సంతకం మార్చి నుంచే లేదు" అన్నారట. సెప్టెంబరులో అతడు తల్లితో సహా పూణేకు వెళ్ళినాడు. సికిందరాబాదు స్టేషనుకు ఆయన స్వయముగా వచ్చి, పెట్టెలు ఎక్కించి, రైలు కదలువరకు నిలిచియున్నారని వ్రాసినాడు.